నలుగురూ ఒకే రోజు మానేయండి

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం, తిరుపతిలో టాక్సీలు నడుపుతాం. కొండ మీద ఉన్నంతసేపూ సిగరెట్ ముట్టం. అలిపిరి దిగి టీ కొట్టు దగ్గర ఆగగానే నలుగురం వెలిగిస్తాం. కలిసి మానేయడం కుదురుతుందా డాక్టరు గారూ?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: తప్పకుండా కుదురుతుంది. తిరుమలలో పొగాకు నిషేధం కాబట్టి అక్కడ గంటల తరబడి ఆగగలుగుతున్నారు. అంటే ఆ నిగ్రహం మీలో ఉన్నట్టే. చిక్కల్లా టీ కొట్టు దగ్గరే. నలుగురూ ఒకే తేదీ అనుకోండి. ఆ రోజు నుంచి కారులో అగ్గిపెట్టె కూడా ఉండకూడదు. కొన్నాళ్లు టీ తాగే చోటు మార్చండి. మనసు లాగితే వెంటనే ఇంకొకరికి ఫోన్ చేయండి. ఆ తహతహ సాధారణంగా కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. మొదటి వారం చిరాకు, నిద్రలేమి మామూలే. అవసరమైతే డాక్టరు సలహాతో నికోటిన్ గమ్ వాడొచ్చు. దాన్ని గబగబా నమలకండి. ఘాటు తగలగానే బుగ్గన పెట్టుకుని, తగ్గాక మళ్లీ నమలాలి. జాతీయ ఉచిత హెల్ప్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేసినా సలహా ఇస్తారు. ఎవరైనా ఒకరు తప్పినా ఎగతాళి చేయకండి, మిగతా ముగ్గురూ వెలిగించకండి. అతన్ని ఆ రోజే మళ్లీ మీతో కలుపుకోండి.