మంచు మీద తొలి అడుగులు: కుటుంబంతో గుల్మార్గ్‌లో స్కీయింగ్ నేర్చుకోవడం ఎలా?

చలికాలంలో గుల్మార్గ్ వెళ్లొచ్చిన మన కుటుంబాల ఫోన్లు చూడండి. దాదాపు అందరి దగ్గరా ఒకే ఫొటో ఉంటుంది. అద్దె కోటు, కాళ్లకి స్కీలు, చేతుల్లో కర్రలు, ఎర్రబడ్డ ముక్కులు. ఆ ఫొటో అయిన పది నిమిషాలకి స్కీలు విప్పేసి, స్లెడ్జి మీద ఒక చుట్టు తిరిగి శ్రీనగర్ బయల్దేరిపోతారు. అంత దూరం వెళ్లి, అంత ఖర్చు పెట్టి, అసలు సంగతి అక్కడే వదిలేసి వస్తున్నారే అని నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే మూడు పూటలు కేటాయిస్తే చాలు, చిన్న వాలు మీద జారడం, ఆగడం, మలుపు తిరగడం మామూలు మనుషులకి వచ్చేస్తాయి. మాకు వచ్చాయి. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల అమ్మాయి, ఆరేళ్ల అబ్బాయి నేర్చుకున్నాం. మా అత్తయ్య తోడుగా వచ్చారు.

ఈ ప్రయాణానికి నేను పట్టుకున్న సూత్రం ఒక్కటే. తేదీలైనా, వాలైనా, రోజుకి ఎన్ని గంటలన్నదైనా, ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని బట్టి నిర్ణయించుకోండి. మిగతావన్నీ దాని వెనకే కుదురుకుంటాయి.

1. ముందు చోటు: గుల్మార్గే ఎందుకు?

శ్రీనగర్ నుంచి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, 2,650 మీటర్ల ఎత్తున ఉంది గుల్మార్గ్. స్కీయింగ్ తెలిసినవాళ్లు దీని పేరు వినగానే అఫర్వత్ శిఖరం వైపు చూస్తారు. మొదటిసారి వెళ్లే మనం చూడాల్సింది కింద ఉన్న మైదానం వైపు. వేసవిలో అది గోల్ఫ్ కోర్సు. చలికాలంలో ఆ పచ్చిక మంచు కింద ఉండిపోయి, మెల్లగా దిగే వాలులు మిగులుతాయి. పిల్లలు పడినా దొర్లిపోయేంత ఏటవాలు ఉండదు. అక్కడే నేర్పే మనుషులూ, అద్దె సామానూ, మనిషిని పైకి లాక్కెళ్లే చిన్న లిఫ్టులూ ఉంటాయి. బడికి అన్నీ నడిచే దూరంలో ఉన్నట్టన్నమాట.

2. తేదీలు: మంచుని నమ్మండి, క్యాలెండర్‌ని కాదు

కశ్మీరీలు డిసెంబర్ 21 నుంచి 40 రోజుల్ని చిల్లై కలాన్ అంటారు. చలి ముదిరే కాలం అదే. సంక్రాంతి సెలవులు సరిగ్గా ఇందులోనే వస్తాయి కాబట్టి మనకి అనుకూలమే అనిపిస్తుంది. కానీ 2024 జనవరిలో నెలాఖరు దాకా గుల్మార్గ్ నేల గోధుమ రంగులోనే కనిపించింది. 2025లో మంచు చాలక ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్ని మార్చికి జరపాల్సి వచ్చింది. అందుకని జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా ఉన్న రోజులు మేలు. పరీక్షల ముందు బడి మాన్పించడం కుదరక సంక్రాంతికే వెళ్లాలనుకుంటే, రద్దు చేసుకోగలిగే గదులే తీసుకోండి. బయల్దేరడానికి వారం ముందు హోటల్‌కి ఫోన్ చేసి "గోల్ఫ్ కోర్సు మీద మంచు ఎంత లోతుంది?" అని సూటిగా అడగండి. "మంచు ఉంది" అన్న మాటతో సరిపెట్టుకోకండి. శిఖరం మీద ఉన్నా ఆ మాట నిజమే అవుతుంది.

3. నెల ముందు నుంచి: గుంజీలు, గోడకుర్చీ

స్కీయింగ్‌లో ముందు అలిసిపోయేవి తొడలు. మోకాళ్లు కాస్త వంచి గంటల తరబడి నిలబడాలి. దానికి జిమ్ అక్కర్లేదు. వినాయకుడి ముందు తీసే గుంజీలు రోజుకి ముప్పై, బడిలో మాస్టారు వేయించిన గోడకుర్చీ మొదట్లో అర నిమిషం, నెల తిరిగేసరికి నిమిషంన్నర. ఇంటిల్లిపాదీ కలిసి చేస్తే పిల్లలకి ఆటగా ఉంటుంది. ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకోవడం కూడా మంచి సాధనే.

గుండె జబ్బు, బీపీ, ఆస్తమా ఉన్న పెద్దవాళ్లు డాక్టర్‌ని కలిసి ఎత్తు గురించి చెప్పి సలహా తీసుకోండి. ప్రయాణ బీమాలో సాహస క్రీడలు కలిసి ఉన్నాయో లేదో చదవండి. చాలా పాలసీల్లో స్కీయింగ్‌కి విడిగా కట్టాలి.

4. ప్రయాణం: వారం రోజులు పెట్టుకోండి

మేము వేసుకున్న లెక్క ఇది.

- మొదటి రోజు: శ్రీనగర్ చేరి అక్కడే పడుకోవడం.
- రెండో రోజు: మధ్యాహ్నానికి గుల్మార్గ్. విశ్రాంతి, సాయంత్రం బూట్లు కొలిచి చూసుకోవడం.
- మూడు, నాలుగు, ఐదో రోజులు: పొద్దున రెండు మూడు గంటలు పాఠం. మధ్యాహ్నం ఖాళీ.
- ఆరో రోజు: గండోలా అనే కేబుల్ కారు.
- ఏడో రోజు: శ్రీనగర్ వచ్చేసి రాత్రి అక్కడే. మర్నాడు విమానం.

గుల్మార్గ్‌లో దిగిన రోజే స్కీలు కట్టకండి. ఎత్తుకి తలనొప్పి, నిద్రలేమి రావచ్చు. నీళ్లు బాగా తాగి ఆ పూట నెమ్మదిగా తిరిగితే చాలామందికి సర్దుకుంటుంది. చివరి రాత్రి శ్రీనగర్‌లో ఉండమనడానికీ కారణం ఉంది. మంచు పడితే టంగ్‌మర్గ్ నుంచి పైకి ఉన్న సుమారు 13 కిలోమీటర్ల ఘాట్ రోడ్డులో టైర్లకి గొలుసులు కట్టిన బండ్లే తిరుగుతాయి. గంట దారికి మూడు గంటలు పట్టొచ్చు. శ్రీనగర్ విమానాలు కూడా మంచుకీ పొగమంచుకీ ఆలస్యమవుతాయి, రద్దవుతాయి.

ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు. ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. బయల్దేరేముందు భద్రత గురించి ప్రభుత్వ సూచనలు ఒకసారి చూసుకోండి.

5. బట్టలు: నూలు వద్దు

మనకి ఒంటికి నూలు తప్ప సుఖం తెలియదు. మంచులో అదే శత్రువు. చెమట పీల్చుకుని తడిసి, ఆరక, ఒంటిని చల్లబరుస్తుంది. మూడు పొరలు లెక్క పెట్టుకోండి. ఒంటిని అంటి ఉండే థర్మల్స్, దాని మీద ఉన్ని స్వెట్టరో ఫ్లీసో, పైన గాలీ నీళ్లూ చొరబడని జాకెట్, ప్యాంటు. పై పొర అక్కడే అద్దెకి దొరుకుతుంది, కొననక్కర్లేదు. ఇంటి నుంచి తీసుకెళ్లాల్సినవి: నీళ్లు దిగని గ్లవ్స్ పిల్లలకి రెండేసి జతలు, మోకాలి దాకా వచ్చే ఉన్ని సాక్సులు, కళ్లకి గాగుల్స్, సన్‌స్క్రీన్, పెదాలకి రాసుకునే బామ్. చలిలో ఎండ తెలియదు కానీ, తాజా మంచు తన మీద పడ్డ అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పి కొడుతుంది. గడ్డం కింద, ముక్కు కింద కూడా సన్‌స్క్రీన్ రాయండి.

ఫోన్ లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. చలికి బ్యాటరీ చూస్తుండగానే అయిపోతుంది. ఆవకాయ సీసా తప్పదంటే చెక్‌ఇన్ సామానులో గట్టిగా చుట్టి పెట్టండి. అన్నం, రాజ్మా ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి పక్కన ఆవకాయ బాగానే కుదురుతుంది.

6. నేర్పే మనిషి: ఒక్కరినే పట్టుకోండి

బండి దిగగానే చుట్టూ జనం మూగుతారు. అక్కడికక్కడే బేరం కుదుర్చుకోకండి. గుల్మార్గ్ చేరిన రోజు సాయంత్రం ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, మూడు రోజులూ అదే మనిషి వచ్చేలా మాట తీసుకోండి. రేటు అడిగేటప్పుడు ఇవన్నీ విడివిడిగా చెప్పించండి: గంటకా, పూటకా? స్కీలు, బూట్లు, కర్రలు, హెల్మెట్ కలిపేనా? లిఫ్టు ఖర్చు ఎవరిది? ఒకరికి ఎంతమంది పిల్లలు? నేను ఇందులో ఒకటి మర్చిపోయాను. హెల్మెట్ గురించి అడగలేదు. పొద్దున్నే పిల్లలకి సరిపోయేవి లేవన్నారు. అవి వెతికి తెచ్చేసరికి గంట పోయింది. హెల్మెట్ లేకుండా పిల్లల్ని వాలు ఎక్కించకండి.

మీకు ఎక్కువ రోజులు ఉండి, పెద్దపిల్లలుంటే, కేంద్ర పర్యాటక శాఖ కింద గుల్మార్గ్‌లోనే ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ కోర్సుల వివరాలు కూడా కనుక్కోండి.

భాష సంగతి. హైదరాబాద్ పిల్లలకి హిందీతో ఇబ్బంది ఉండదు. హిందీ రాని పిల్లలకి ముందే నాలుగు మాటలు నేర్పండి: "రుకో" అంటే ఆగు, "ఘుట్నే మోడో" అంటే మోకాళ్లు వంచు, "ఆగే ఝుకో" అంటే ముందుకి వంగు, "సామ్‌నే దేఖో" అంటే ఎదురుగా చూడు. జారుతున్నప్పుడు అనువదించి చెప్పే వ్యవధి ఉండదు.

7. బూటు: ఇక్కడ పది నిమిషాలు ఎక్కువ పెట్టండి

స్కీ బూటు ప్లాస్టిక్ డొప్పలా గట్టిగా ఉంటుంది. మొదటిసారి తొడిగితే ఎవరికైనా "ఇది నాది కాదు" అనిపిస్తుంది. సరైన కొలత ఇలా చూడాలి. నిటారుగా నిలబడితే కాలివేళ్లు ముందు గోడని తాకాలి. మోకాళ్లు ముందుకి వంచితే వేళ్లు కాస్త వెనక్కి జరగాలి. మడమ మాత్రం లేవకూడదు. సాక్సు ఒక్కటే వేయాలి. చలికి రెండు వేస్తే రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి.

మా అమ్మాయి మొదటి పూట అరగంటకే కాలు నొప్పి అని ఏడ్చింది. భయమేమో అనుకుని బుజ్జగించాను. బకిళ్లు విప్పి చూస్తే, థర్మల్ ప్యాంటు అంచు బూటులోకి దూరి మడత పడి ఉంది. పిక్క ముందు ఎముక మీద ఆ మడత ఆకారమే ఎర్రగా అచ్చుపడింది. ప్యాంటు పైకి లాగి, సాక్సు ఒక్కటే నున్నగా సర్ది మళ్లీ బిగించాక ఆ నొప్పి మాటే లేదు. పిల్లలు కాలు నొప్పంటే ముందు బూటు విప్పి చూడండి.

స్కీ నిలబెడితే గడ్డం దగ్గరికి వచ్చే పొడవు చాలు. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ని మీ బరువు చెప్పి సరిచేయించండి. పడినప్పుడు అది ఊడి రావాలి. ఊడకపోతే మోకాలు మెలిపడుతుంది.

8. మొదటి పాఠం: పడడం, లేవడం, ఆగడం

మొదటి పూట లిఫ్టు జోలికి వెళ్లకండి. చదును నేల మీద ఒక్క స్కీతో, తర్వాత రెండిటితో నడవండి. వాలు ఎక్కడానికి పక్కకి తిరిగి, మెట్లెక్కినట్టు అడ్డంగా అడుగులు వేయండి.

తర్వాత పడడం. అదుపు తప్పుతోందనిపిస్తే చేతులు వెనక ఆనించకుండా, పక్కకి, తుంటి మీదకి ఒరిగిపోండి. లేవడంలో ఒక కిటుకు ఉంది. పడ్డ చోటే లేవబోతే స్కీలు కిందికి జారి మళ్లీ పడేస్తాయి. ముందు కాళ్లు రెండూ వాలు కిందివైపుకి తెచ్చుకోండి. స్కీలు రెండూ వాలుకి అడ్డంగా, ఒకదానికొకటి సమంగా పెట్టండి. మోకాళ్లు దగ్గరికి లాక్కుని, పైవైపు చేతిని మంచులో ఊని పైకి నెట్టుకోండి. మా ఆయన ఇది తెలియక మొదటి గంటంతా కూర్చునే గడిపారు. తెలిశాక ఎవరి సాయం లేకుండా లేచారు.

ఇక ఆగడం. స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా, ఇంటి కప్పు ఆకారం వచ్చేలా పెట్టి మడమలు బయటికి నెట్టాలి. ముందు కొసలు ఒకదానిమీదొకటి ఎక్కకూడదు. మోకాళ్లు ముందుకి, చేతులు స్కూటర్ హ్యాండిల్ పట్టుకున్నట్టు ఎదురుగా. భయమేస్తే ఒళ్లు వెనక్కి వాలుతుంది. వెనక్కి వాలితే స్కీలు ఇంకా వేగంగా పోతాయి. ఎంత భయమేస్తే అంత ముందుకి వంగాలి.

మూడు మీటర్లు జారి ఆగండి. పది సార్లు. తర్వాత ఆరు మీటర్లు. ఇంట్లో అందరూ చెప్పిన చోట ఆగగలిగాకే, పాఠాల రెండో రోజు చిన్న లిఫ్టు. ఆ లిఫ్టు లాక్కెళ్తుందే కానీ మోయదు. దాని మీద కూర్చోబోతే కూలబడతారు. నిలబడే ఉండండి.

9. గండోలా, మరికొన్ని జాగ్రత్తలు

గండోలా మొదటి దశ 3,000 మీటర్లు దాటిన కొంగ్‌డోరికి, రెండో దశ సుమారు 3,950 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తాయి. టికెట్లు జమ్ము కశ్మీర్ కేబుల్ కార్ కార్పొరేషన్ వెబ్‌సైట్‌లో ముందే తీసుకోండి. పెద్దవాళ్లకి, చిన్నపిల్లలకి మొదటి దశ చాలు. రెండో దశ నుంచి స్కీలతో దిగే ఆలోచనే చేయకండి. అక్కడి వాలుల మీద హిమపాతాలు విరుచుకుపడతాయి. 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు అలాగే చనిపోయారు.

గదిలో బుఖారీ అనే కట్టెల పొయ్యి వెలిగిస్తే కిటికీ కాస్త తెరిచి ఉంచండి. కాంగ్డీ అనే నిప్పుల కుంపటి పక్కలో పెట్టుకుని నిద్రపోకండి. ఆ పొగలోని విషవాయువుకి వాసన ఉండదు. దెబ్బ తగిలి కాలో చెయ్యో వాస్తే, ఆ పూటే శ్రీనగర్ బర్జుల్లాలోని ప్రభుత్వ బోన్ అండ్ జాయింట్ ఆసుపత్రికి వెళ్లండి. అలిసిపోయామన్న పిల్లల్ని "ఇంకొక్కసారి" అనకండి. దెబ్బలు ఎక్కువగా తగిలేది ఆ ఇంకొక్కసారిలోనే.

ఐదో రోజు పొద్దున మా అత్తయ్య వాలు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కహ్వా తాగుతున్నారు. మా వాడు పైనుంచి ఒంటరిగా బయల్దేరాడు. ఇన్‌స్ట్రక్టర్ పక్కన లేడు. వాడి చేతులు ఎదురుగా ఉన్నాయి, మోకాళ్లు వంగి ఉన్నాయి. ఆవిడ కప్పు కింద పెట్టి లేవబోయారు. వాడు మడమలు బయటికి నెట్టాడు. స్కీలు కరకరమని మంచు గీరి, ఆవిడ కుర్చీకి రెండు బారల దూరంలో నిలిచిపోయాయి.

"నానమ్మా, నేనే ఆగాను" అన్నాడు.