ఎన్నిసార్లు ఉదహరించారు? ఎందుకు ఉదహరించారు?

ఫలానా డాక్టరుగారు గుండె జబ్బుల మీద మూడు వందల పరిశోధన వ్యాసాలు రాశారట, వాటిని ముప్ఫై వేల సార్లు ఇతరులు ఉదహరించారట అని ఎవరైనా చెబితే మనం వెంటనే చేతులు జోడిస్తాం. ఆ మూడు వందల్లో ఒక్కటీ చదివి ఉండం. చదవనక్కరలేదు కూడా, లెక్క ఎవరో కట్టిపెట్టారు గదా! ఈ లెక్క ఎట్లా పుట్టింది, అది దేన్ని కొలుస్తుంది, దేన్ని కొలవలేదు అన్న సంగతి విద్యార్థి మిత్రులతో ముచ్చటించాలని ఈ వ్యాసం. ఉదాహరణలు గుండె పరిశోధన నుంచే తీసుకుంటున్నాను. ఎందుకంటే అక్కడ అంచనా తప్పితే నష్టపోయేది మంచం మీది రోగి.

ముందు మాట అర్థం చేసుకుందాం. ఒక శాస్త్రజ్ఞుడు వ్యాసం రాసేటప్పుడు తనకు ముందు ఎవరెవరు ఏమేం కనుగొన్నారో చెప్పి, ఆ వ్యాసాల వివరాలు చివర జాబితాగా ఇస్తాడు. ఆ జాబితాలో నా వ్యాసం ఒకసారి చేరితే నాకు ఒక సైటేషన్ వచ్చిందన్నమాట. 1955లో యూజీన్ గార్ఫీల్డ్ అనే అమెరికన్, 'సైన్స్' పత్రికలో ఒక ఆలోచన ప్రకటించాడు. ఏ వ్యాసాన్ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో ఒకేచోట చూపే సూచిక ఉంటే ఎంత బాగుంటుంది అని. 1964లో ఫిలడెల్ఫియాలోని తన సంస్థ నుంచి 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్' తెచ్చాడు.

ఈ ఆలోచన ఆయనకు లాయర్ల దగ్గర్నుంచి వచ్చింది. అమెరికాలో 1873 నుంచి 'షెపర్డ్స్ సైటేషన్స్' అనే పుస్తకాలు ఉన్నాయి. ఒక పాత తీర్పును తర్వాతి తీర్పులు ఎక్కడెక్కడ ప్రస్తావించాయో వాటిలో ఉంటుంది. లా చదివే మిత్రులకు దీని అవసరం చెప్పనక్కరలేదు. కొట్టివేసిన తీర్పును పట్టుకొని కోర్టులో వాదిస్తే జడ్జిగారి ముందు నవ్వులపాలే. అందుకని షెపర్డ్ పుస్తకాల్లో అవసరమైనచోట ప్రస్తావన పక్కన ఒక అక్షరం గుర్తుగా వేసేవారు: ఈ తీర్పును అనుసరించారు, దీన్ని విమర్శించారు, దీన్ని కొట్టివేశారు అని. సైన్సు సూచికలోకి వచ్చేసరికి ఆ అక్షరం పోయింది, అంకె మిగిలింది. నా దృష్టిలో తర్వాతి చిక్కులకు చాలావరకు మూలం ఇక్కడే ఉంది. విచిత్రమేమిటంటే, పాత వ్యాసాల మీద వచ్చిన విమర్శ చదువరికి తెలియాలనీ, మోసపు ఫలితాలను గుడ్డిగా ఉదహరించడం తగ్గాలనీ గార్ఫీల్డ్ 1955 వ్యాసంలోనే రాశాడు. వెతుక్కోవడానికి పుట్టిన పనిముట్టు మార్కులు వేసే పనిముట్టు అయింది.

ఇక పియరో ఆన్‌వెర్సా సంగతి. ఇటలీ నుంచి అమెరికా వచ్చిన పరిశోధకుడు. గుండెపోటు వచ్చినప్పుడు రక్తనాళం మూసుకుపోయి, దాని కింది కండరం చచ్చిపోతుంది. చర్మం మీది గాయం మానినట్టు అక్కడ కొత్త కండరం పుట్టదు, మచ్చ కడుతుంది. ఆ తర్వాత గుండె బలం తగ్గి మనిషి ఆయాసపడుతూ బతకాలి. 2001లో ఆన్‌వెర్సా బృందం 'నేచర్' పత్రికలో ప్రకటించిన వ్యాసం ఈ పాఠాన్నే తిరగరాసింది. ఎలుకలకు కృత్రిమంగా గుండెపోటు తెప్పించి, ఎముక మజ్జ కణాలను ఆ గుండెలో ఎక్కిస్తే, తొమ్మిది రోజుల్లో దెబ్బతిన్న భాగంలో 68 శాతం కొత్త కండరం నిండిందని అందులో ఉంది. తొమ్మిది రోజులు! ప్రపంచమంతా అటు తిరిగింది. వేల సంఖ్యలో సైటేషన్లు వచ్చాయి. కొద్దికాలంలోనే మనుషుల మీద కూడా మజ్జ కణాల ప్రయోగాలు సాగాయి.

2004లో అదే 'నేచర్'లో ఇద్దరు వేర్వేరు బృందాలవాళ్ళు, ఒకరు సియాటిల్ నుంచి, ఒకరు స్టాన్‌ఫర్డ్ నుంచి, మేమూ అదే ప్రయత్నం చేశాం, మజ్జలోని మూలకణాలు గుండె కండరంగా మారలేదు అని రాశారు. ఇక్కడ కొంచెం ఆగి లెక్క చూడండి. ఖండించాలంటే ముందు ఆ వ్యాసం పేరు చెప్పాలి. చెబితే ఒక సైటేషన్. అంటే 2001 వ్యాసం తప్పని రాసిన ప్రతివాడూ దాని ఖాతాలో ఒకటి జమచేశాడు. మెచ్చుకున్నా ఒకటే, తిట్టినా ఒకటే.

ఆన్‌వెర్సా అప్పటికే మరో మెట్టెక్కాడు. గుండెలోనే మూలకణాలు ఉన్నాయన్నాడు. తర్వాత బోస్టన్‌లో హార్వర్డ్ వైద్య కళాశాలకు అనుబంధమైన బ్రిగామ్ ఆసుపత్రిలో పెద్ద ప్రయోగశాల నడిపాడు. ఆ కణాలను రోగుల గుండెల్లోంచే తీసి, పెంచి, తిరిగి ఎక్కించిన ప్రయోగం ఫలితాలు 2011లో 'లాన్సెట్'లో వచ్చాయి. 2014లో ఆ పత్రిక దానిమీద సందేహం ప్రకటించింది, 2019లో ఉపసంహరించింది. మధ్యలో 2017లో, తప్పుడు సమాచారంతో ప్రభుత్వ గ్రాంట్లు పొందారన్న ఆరోపణ మీద ఆసుపత్రి యాజమాన్యం అమెరికా ప్రభుత్వానికి కోటి డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. 2018 అక్టోబరులో హార్వర్డు, బ్రిగామ్ కలిసి, ఈ ప్రయోగశాల నుంచి వచ్చిన 31 వ్యాసాల్లో మార్చిన లేక కల్పించిన సమాచారం ఉందని, వాటిని వెనక్కి తీసుకోవాలని పత్రికలకు తెలియజేశాయి. అదే నెలలో, గుండె బలహీనపడిన రోగుల మీద జరుగుతున్న మరో కణ చికిత్సా ప్రయోగాన్ని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఆపి పరిశీలించవలసి వచ్చింది. ఆ ప్రయోగశాలలో ఎవరి చెయ్యి ఎంత ఉందన్నది ఇక్కడ నాకు విషయం కాదు. అంకెను నమ్మి గుండెలో సూది వేయించుకోవడానికి ఒప్పుకున్న రోగి సంగతే నాకు విషయం. 2001 నుంచి 2018 దాకా పదిహేడేళ్ళు ఆ అంకె పెరుగుతూనే ఉంది మరి.

దీనికి సరిగ్గా ఎదురు కథ ఒకటుంది. 1929లో జర్మనీలో, ఎబర్స్‌వాల్డె అనే చిన్న ఊరి ఆసుపత్రిలో, వెర్నర్ ఫోర్స్‌మన్ అనే 25 ఏళ్ళ కుర్ర డాక్టరు తన మోచేతి దగ్గరి సిరలోంచి సన్నని రబ్బరు గొట్టం 65 సెంటీమీటర్లు లోపలికి తోసుకుని, ఎక్స్‌రే గదికి నడిచి వెళ్ళి, దాని కొస గుండెలో ఉన్నట్టు ఫొటో తీయించుకున్నాడు. పైఅధికారి వద్దన్నా వినలేదు. అదే ఏడాది వ్యాసం అచ్చయింది. పెద్దలు పట్టించుకోలేదు. పాపం, ఆయన చివరికి మూత్రకోశ వైద్యంలో స్థిరపడ్డాడు. సుమారు పన్నెండేళ్ళ తర్వాత న్యూయార్కులో కూర్నాన్, రిచర్డ్స్ ఆ పద్ధతిని తిరిగి చేపట్టి గుండె లోపలి ఒత్తిడులు కొలిచారు. 1956లో ముగ్గురికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇవాళ మన జిల్లా కేంద్రాల్లో కూడా చేస్తున్న ఆంజియోగ్రాం ఆ దారిలో వచ్చిందే.

పత్రికల గొప్పతనం కొలిచే 'ఇంపాక్ట్ ఫ్యాక్టర్' లెక్క తెలుసు కదా? ఒక పత్రికలో గడిచిన రెండేళ్ళలో అచ్చయిన వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను, ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తారు. 1929 వ్యాసానికి 1930, 1931ల్లో వచ్చినవే లెక్కకొస్తాయి. న్యూయార్కు వాళ్ళు ఉదహరించేసరికి గడువు ఎప్పుడో దాటిపోయింది. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు ప్రవేశపెట్టిన 'హెచ్-సూచిక' చూద్దామా? ఒకరి వ్యాసాల్లో ఇరవై వ్యాసాలకు కనీసం ఇరవైసార్లు చొప్పున సైటేషన్లుంటే ఆ సూచిక 20. ఫోర్స్‌మన్ ఆ ఒక్క వ్యాసం రాసి ఊరుకుని ఉంటే, దాన్ని లక్షసార్లు ఉదహరించినా ఆయన సూచిక ఒకటే!

పెద్ద అంకెలన్నీ అనుమానించాలని మాత్రం నా భావం కాదు. కేరళలోని కొట్టారక్కరలో పుట్టి, బెంగుళూరు సెయింట్ జాన్స్‌లో వైద్యం చదివి, ఆక్స్‌ఫర్డు మీదుగా కెనడా మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం చేరిన సలీం యూసుఫ్ ప్రపంచంలో అత్యధికంగా ఉదహరింపబడే హృద్రోగ పరిశోధకుల్లో ఒకరు. ఆయన నాయకత్వంలో 52 దేశాల్లో జరిగిన 'ఇంటర్‌హార్ట్' అధ్యయనం 2004లో వచ్చింది. మొదటిసారి గుండెపోటు వచ్చినవాళ్ళు సుమారు 15 వేలమందిని, రానివాళ్ళు దాదాపు అంతమందిని పోల్చి చూసి, పొగ తాగడం, రక్తంలో కొవ్వు, రక్తపోటు, మధుమేహం, బొజ్జ వంటి తొమ్మిది కారణాలే ముప్పులో తొంభై శాతానికి మూలమని తేల్చింది. మన దక్షిణాసియా వాళ్ళకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వస్తోందని, మిగతా ప్రాంతాల్లో దాదాపు 59 అని 2007లో అదే సమాచారం నుంచి బయటపడింది. ఇటువంటిదాన్ని వేలమంది ఉదహరించారంటే దానిమీద నిలబడి పనిచేశారని అర్థం. అయినా ఒక మెలిక ఉంది. ఇన్ని దేశాల డాక్టర్లు, నర్సులు కూడబెట్టిన సమాచారం అది. వ్యాసం మీద పేరున్న ప్రతి ఒక్కరి ఖాతాలోకీ సైటేషన్ పూర్తిగానే పడుతుంది, వాటాలుండవు. రోగి ఇంటి తలుపు తట్టి వివరాలు రాసుకున్న మనిషికేమో అందులో సున్నా.

మన యల్లాప్రగడ సుబ్బారావుగారి మాట ఇక్కడ చెప్పాలి. 1925లో హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి ఆయన రాసిన, ఫాస్ఫరస్ పరిమాణం కొలిచే పద్ధతి మీది వ్యాసం సైటేషన్ల చరిత్రలోనే పేరెన్నికగన్న వాటిలో ఒకటి. కండరాలకు, గుండెకు కూడా, శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ ఆ పద్ధతి వల్లనే వారికి దొరికింది. పద్ధతి చెప్పే వ్యాసాలను అందరూ వాడుకుంటారు కాబట్టి అందరూ ఉదహరిస్తారు. ఆ సంస్థ మటుకు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు, 1940లో ఆయన లెడర్లే కంపెనీకి వెళ్ళిపోయారు.

ఈ గొడవంతా మనకెందుకంటారా? 2010లో యుజిసి నిబంధనలు అధ్యాపకుల పదోన్నతికి వ్యాసాలను మార్కులుగా లెక్కించాయి, ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కు అదనపు మార్కులు కూడా పెట్టాయి. లెక్క పెడితే జనం లెక్కకు సరిపడా రాస్తారు, డబ్బులిస్తే అచ్చువేసే పత్రికలూ పుట్టుకొస్తాయి.

ప్రాజెక్టు రాసే విద్యార్థి కనీసం రెండు పనులు చేయవచ్చు. వ్యాసాన్ని ఉదహరించిన వాళ్ళలో ఒక ఐదుగురిని ఎంచుకుని, ఏ వాక్యంలో ఉదహరించారో తెరిచి చదవాలి. షెపర్డ్ పుస్తకంలోని ఆ అక్షరం మనమే వేసుకోవాలన్నమాట. రెండోది, ఆ వ్యాసాన్ని పత్రిక వెనక్కి తీసుకుందేమో చూడాలి. పబ్‌మెడ్‌లో వ్యాసం పేజీ మీదే ఆ హెచ్చరిక ఉంటుంది. 'రిట్రాక్షన్ వాచ్' వాళ్ళు కూర్చిన ఉపసంహరణల జాబితాను 2023లో క్రాస్‌రెఫ్ సంస్థ తీసుకుని అందరికీ ఉచితంగా తెరిచిపెట్టింది. అప్పటికే అందులో 40 వేలకు పైగా వ్యాసాలున్నాయి. పేరు కొట్టి చూడటానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.