లక్కమ్మ అడిగిన లెక్క: వ్యాపార సంస్థలకు కాయక నీతి

శరణులు కాయకమునకు పూజతో సమానమైన స్థానము నిచ్చిరి. చేయు పని శుద్ధముగ నుండవలెననియు, దాని ఫలములో అవసరమునకు మించినది దాసోహమునకు చెందవలెననియు వారి మతము. ఈ సిద్ధాంతము మగ్గమునకును నాగలికిని మాత్రమే వర్తించునని తలచుట పొరపాటు. అంగడి, మిల్లు, సహకార సంఘము, వేలమంది పనిచేయు కంపెనీ, ఇవన్నియు కాయకస్థానములే. ఒక్కడు చేయు పనిలోని శుద్ధి వాని మనస్సునకు తెలియును. పలువురు కలిసి చేయు పనిలో దానిని కనిపెట్టుట ఎట్లు? ఇందులకు శరణుల చరిత్రలోనే సమాధానము కలదు.

మారయ్య, లక్కమ్మ

12వ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట ఆయ్దక్కి మారయ్య కాయకము. కన్నడమున అక్కి యనగా బియ్యము. ఆ బియ్యమును వండి ఆయన ధర్మపత్ని లక్కమ్మ జంగమార్చన చేసెడిది. ఒకనాడు మారయ్య ప్రతిదినముకంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. అవసరమునకు మించి ఏల తేవలసివచ్చెనని ప్రశ్నించి, మించిన భాగమును తెచ్చిన చోటనే వేసి రమ్మని పంపెను.

ఇందు మూడు విషయములు గమనింపదగినవి. మొదటిది, మారయ్య దొంగ కాడు, పరమభక్తుడు. అయినను ప్రశ్న తప్పలేదు. రెండవది, లక్కమ్మకు దినదినపు కొలత తెలియును. కొలత తెలియని వారికి మించినది కనబడదు. మూడవది, నన్నే శంకింతువా యని మారయ్య కోపింపలేదు, తిరిగి ఇచ్చి వచ్చెను. బసవేశ్వరుడును బిజ్జలుని భాండాగారమునకు అధికారి. ఆయన రాజధనమును జంగములకు వెచ్చించుచున్నాడని కొండెములు చెప్పినపుడు లెక్క చూపుటకు వెనుదీయలేదని పాలకురికి సోమనాథుని బసవపురాణము వలన తెలియుచున్నది. మంచివానికి లెక్క యెందుకను మాట శరణమార్గమున చెల్లదు.

మన ప్రాంతపు వ్యవహారము

దౌల్తాబాద్, తాండూరు ప్రాంతములలో ఈ పాఠమునకు ప్రతిదినము పని కలదు. ఇది కందిపంటకును నాపరాతికిని పేరొందిన నేల. తూకములో కొంచెము, తరుగు పేరిట కొంచెము, రాతి కొలతలో కొంచెము, కూలీ పద్దులో కొంచెము మిగుల్చుకొను అవకాశము ఎచ్చటనైనను ఉండును. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరు ఏ ఒక్క వర్తకునిది కాదు. వేరొక చోటి కందులను కలిపి ఆ పేరుతో అమ్మువాడు తాను ఎన్నడును చూడని రైతుల సొమ్మును అపహరించినవాడగును.

చిన్న తేడా పెద్దదైన విధము

అంగడిలోని దోషమునకును పెద్ద కంపెనీలోని దోషమునకును బీజ మొక్కటే. 1987లో రామలింగరాజు హైదరాబాదున స్థాపించిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ సంస్థ దేశవిదేశములలో ఖ్యాతి గడించెను. 2008లో ఉత్తమ నిర్వహణకు గోల్డెన్ పీకాక్ బహుమానమును కూడ పొందెను. ఆ యేడు డిసెంబరు 16న ఛైర్మన్ కుటుంబమునకు చెందిన రెండు మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొనుటకు డైరెక్టర్ల మండలి సమ్మతించెను. మదుపరులు నిరసింపగా కొన్ని గంటలలోనే విరమించెను. 2009 జనవరి 7న ఛైర్మన్ స్వయముగ లేఖ వ్రాసి, లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనివేనని ఒప్పుకొనెను. మొదట స్వల్పముగ నున్న తేడా ఏటేట పెరిగి చేయి దాటినదని ఆ లేఖయే తెలిపెను.

ఆ మండలిలో పేరుగల విద్యావంతులు లేకపోలేదు. ఆడిటర్లును ఉండిరి. అయినను బ్యాంకులలోని సొమ్మును స్వతంత్రముగ రూఢి చేసుకొనుటలో ఆడిటర్లు విఫలులైరని అమెరికా నియంత్రణ సంస్థలు 2011లో నిర్ణయించి జరిమానా విధించెను. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము రామలింగరాజుతో సహా పదిమందికి ఏడేండ్ల కారాగారము విధించెను. అప్పీలుపై మే నెలలో ఆ శిక్ష నిలుపుదలయై వారికి బెయిలు లభించెను.

ఇందొక విషయము మన హృదయములను కలచవలెను. 2005లో 108 అంబులెన్సు సేవ నారంభించిన సంస్థకు మూలపురుషుడు ఆ రామలింగరాజే. ఆ సేవ ఎందరి ప్రాణములనో నిలిపినది. అది నిజమైన ఉపకారము. అయినను దాసోహము లెక్కకు బదులు కాజాలదు. కాయకము అశుద్ధమైనపుడు దానము దానిని కడుగదు. మఠములకు విరాళములిచ్చు వారును, స్వీకరించు వారును ఈ మాటను మనసున నిలుపుకొనవలెను.

ఆచరింపవలసినవి

2013 నాటి కంపెనీల చట్టము స్వతంత్ర డైరెక్టర్ల బాధ్యతలను స్పష్టపరచి, పెద్ద కంపెనీలలో ఆడిటర్లను నియతకాలమున మార్చవలెనని విధించెను. చట్టము అడుగవలసిన వారిని ఆసనమున కూర్చుండబెట్టగలదు, అడుగు ధైర్యమును ఇయ్యజాలదు. కావున ప్రతి సంస్థయు, మఠముల విద్యాలయములును వసతిగృహములును సైతము, ఈ నియమములను పాటింపవలెను.

సొమ్ము పుచ్చుకొనువాడును, పద్దు వ్రాయువాడును, పద్దు సరిచూచువాడును వేరువేరుగ నుండవలెను. తన బంధువులతో జరుగు బేరమును తానే నిర్ణయింపరాదు. తూకము, ధర, కూలీ రేటు ఎల్లరకు కనబడునట్లు వ్రాసి యుంచవలెను. తేడా ఎంత చిన్నదైనను కనబడిన నాడే సరిదిద్దవలెను. మరుసటి యేటికి మోసికొని పోరాదు. అడిగిన గుమాస్తాకు గాని కూలీకి గాని నష్టము కలుగరాదు. వారి నోరు మూయించిన యజమాని తన సంస్థకు కన్నులు లేకుండ చేసికొన్నవాడే.

ఈ నియమములకు మొదటి పాఠశాల గృహము. ఇంటికి వచ్చిన సొమ్ము ఎట్లు వచ్చెనని ఇల్లాలు గాని, బిడ్డలు గాని అడిగినపుడు వారిని గద్దింపక, కూర్చుండబెట్టి లెక్క చెప్పవలెను. అట్టి యింట పెరిగిన బిడ్డ రేపు ఏ కంపెనీలో నున్నను, అడుగుటకును సమాధానము చెప్పుటకును జంకడు.