ఇఫ్తార్ దస్తర్‌ఖాన్‌పై మంచినీళ్ళు

రమజాన్ సాయంత్రం దస్తర్‌ఖాన్ పరిచేసరికి నేడు అనేక ఇళ్ళలో ఖర్జూరాల పక్కనే కూల్‌డ్రింక్ సీసా కూడా చేరుతోంది. “పిల్లలు వట్టి నీళ్ళు ముట్టరు, ఏం చేయమంటారు?” అని తల్లులు అడుగుతుంటారు. ఈ ప్రశ్నకు దైవప్రవక్త (స) జీవితంలో చక్కని సమాధానం ఉంది.

ఆయన (స) తాజా ఖర్జూరాలతో, అవి లేకుంటే ఎండు ఖర్జూరాలతో, అవీ దొరక్కపోతే కొన్ని గుక్కల నీటితో ఉపవాసం విరమించేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. అయితే ఆ నీరు ఎలా ఉండాలన్న శ్రద్ధ కూడా ఆయనకుండేది. ఒకసారి ఆయన (స) ఒక అన్సారీ సహాబీ తోటకు వెళ్ళి, రాత్రంతా తోలుసంచిలో నిలిచిన నీరుంటే ఇవ్వమని అడిగారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం. అలా నిలిచిన నీరు చల్లబడుతుంది, తేటపడుతుంది. కనుక నీరు చల్లగా, రుచిగా ఉండాలని కోరుకోవడం తప్పు కాదు. పిల్లలను గద్దించే బదులు, వారికి నచ్చేలా నీటిని సిద్ధం చేయడం మన బాధ్యత.

కూల్‌డ్రింక్ హరామ్ అని మనం అనడం లేదు. కాని తినడానికీ తాగడానికీ అనుమతిచ్చిన దివ్య ఖుర్ఆన్ ఆ వెంటనే మితిమీరడాన్ని వారించింది (అల్ ఆరాఫ్: 31). మామూలు కోలా 300 మిల్లీలీటర్లలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. పెద్దవారికి సైతం ఇలాంటి చక్కెర రోజుకు సుమారు 25 గ్రాములు మించకపోతే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఇంట్లో చేసే షర్బత్‌లో చక్కెర గుమ్మరించినా ఫలితం అదే!

ఇలా చేసి చూడండి:

1. ఉదయమే మట్టి కుండలో మంచినీళ్ళు నింపి, గాలి తగిలే నీడలో ఉంచండి. కుండ గోడల నుంచి ఊరిన చెమ్మ ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది.

2. పాత్రపై మూత పెట్టండి. ఇది కూడా దైవప్రవక్త (స) ఆదేశమే.

3. ఇఫ్తార్‌కు గంట ముందు కొన్ని నీళ్ళు జగ్గులోకి తీసి, కడిగిన పుదీనా ఆకులు, నిమ్మచక్రాలు వేయండి. నానబెట్టిన సబ్జా గింజలు కలిపితే పిల్లలు సరదాగా తాగుతారు.

4. అందరికీ నీళ్ళు అందించే పని పిల్లలకే అప్పగించండి.

కూర్చుని, బిస్మిల్లాహ్ అని, మూడు విడతలుగా తాగడం, పాత్రలోకి ఊపిరి వదలకపోవడం, చివర అల్‌హమ్దులిల్లాహ్ అనడం వారికి నేర్పండి. రోజంతా దాహాన్ని ఓర్చుకున్న పిల్లవాడికి ఆ మొదటి గుక్కలోనే నీరు ఎంత గొప్ప అనుగ్రహమో తెలిసిరావాలి.