బొమ్మ ట్యాంకులో ఏది మార్చాలి? ఏది మానాలి?

రిమోట్‌తో నడిచే బొమ్మ ట్యాంకు గురించి వార్షికోత్సవ సంచికలో పాఠం ఏమిటని నవ్వకండి. దీని మీద మేము పన్నెండు మందిమి తలా 500 రూపాయలు వేసుకున్నాం. ఆ 500 ఒక్కొక్కరికి ఒక రాత్రి ఫంక్షన్ హాల్లో కేటరింగ్ కూలి. మొత్తం 6,000. అందులో కొంత తెలియనితనం వల్ల పోగొట్టుకున్నాం. మాలో చాలామందిమి ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం. ఇలాంటివి కొనేముందు అడుగుదామంటే ఇంట్లో తెలిసినవాళ్లు ఉండరు. మీకైనా పనికొస్తుందని రాస్తున్నాం.

ట్యాంకును ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాతది కొన్నాం. ఆ డబ్బు ఈ 6,000లో లెక్క కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాడిన పాంథర్ ట్యాంకుకు ఇది 1/16 నమూనా. అసలుది ఫిరంగి గొట్టంతో కలిపి దాదాపు 8.8 మీటర్లు, మాది 55 సెంటీమీటర్లు. లోపల రెండు మోటార్లు, ఒక్కో మోటారుకు ఒక గేర్‌బాక్సు ఉంటాయి. ఎడమ మోటారు ఎడమ గొలుసును, కుడి మోటారు కుడి గొలుసును తిప్పుతుంది. స్టీరింగ్ అంటూ వేరే లేదు. ఒక గొలుసు ఆగి రెండోది తిరిగితే బండి మలుపు తీసుకుంటుంది. హాస్టల్ డే నాడు చెక్క ర్యాంపు ఎక్కించి జూనియర్లకు గేర్ల పాఠం చెప్పాలన్నది మా ఆలోచన.

మొదట ఏం కొన్నాం? అందరికీ ఏది అందంగా కనిపించిందో అదే. ప్లాస్టిక్ గొలుసులు తీసేసి 3,800 పెట్టి లోహపు గొలుసులు తెప్పించాం. మెరుపు, గలగలమనే చప్పుడు చూసి మురిసిపోయాం. మెస్‌లో కూరగాయలు తూచే కాటా మీద పెడితే పాత గొలుసుల జత పావు కిలో, కొత్తది కిలో పైచిలుకు ఉంది. మూడు కిలోల బండి ఇంచుమించు నాలుగు కిలోలయింది. అప్పుడైనా ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

ర్యాంపు వాలు 20 డిగ్రీలు. వాలు మీద బండిని కిందికి లాగే బలం mg sin θ అని ఇంటర్‌లో చదివినవాళ్లమే. మూడు కిలోలకు అది 10 న్యూటన్లు, నాలుగు కిలోలకు 13.4. అంటే మూడో వంతు ఎక్కువ. పైగా గొలుసు బరువు తిరిగే బరువు. ముందుకు పోతున్న బండిని ఒక్కసారిగా వెనక్కి తిప్పితే ఆ విసురంతా గేరు పళ్ల మీద పడుతుంది. మోటారు వేగంగా, తక్కువ టార్క్‌తో తిరుగుతుంది. ఒక్కో గేరు దాటేకొద్దీ వేగం తగ్గి టార్క్ పెరుగుతుంది. కాబట్టి ఎక్కువ బలం మోసేది చివరి జత గేర్లు. మా బండిలో అవి ప్లాస్టిక్‌వి. మూడోసారి ర్యాంపు ఎక్కుతుంటే టకటకమని చప్పుడొచ్చి ఎడమ గొలుసు ఆగిపోయింది. విప్పి చూస్తే చివరి గేరుకు నాలుగు పళ్లు లేవు.

మాలో ఒకరి నాన్నగారు ట్రాక్టర్ మెకానిక్ దగ్గర పనిచేస్తారు. ఫోన్లో సంగతి విని, "లోడు పెంచెటోళ్లు ముందుగాల ఇరుసు జూస్కోవద్దా బిడ్డా?" అన్నారు. ఆయన ఏడో తరగతి వరకే చదివారు. మేము ఎమ్మెస్సీ ఫిజిక్సు.

తమాషా ఏమిటంటే అసలు పాంథర్‌కూ జరిగింది ఇదే. 30 టన్నుల తరగతి ట్యాంకుగా మొదలుపెట్టి, ముందు కవచాన్ని 60 మిల్లీమీటర్ల నుంచి 80కి పెంచి, ఇంకా ఏవేవో చేర్చి చివరికి దాదాపు 45 టన్నులు చేశారు. గొలుసును తిప్పే పళ్లచక్రానికి ముందుండే చివరి గేర్లు మాత్రం ఆ బరువుకు చాలలేదు. 1943 జులైలో కుర్స్క్ యుద్ధంలో తొలిసారి దిగినప్పుడు చాలా బండ్లు యంత్రలోపాలతోనే ఆగిపోయాయి. చివరి గేర్ల బాధ తర్వాత కూడా తీరలేదు.

ఇక మిగిలిన డబ్బు సంగతి. లోహపు గొలుసులను ఈ సరదా ఉన్న ఒకాయనకు 2,500కి అమ్మాం. చేతిలో ఉన్న 2,200తో కలిపి 4,700 అయింది. ఈసారి కాగితం మీద బలం వెళ్లే దారి గీసుకున్నాం: బ్యాటరీ, వైర్లు, మోటారు, గేర్లు, గొలుసు. ఈ దారిలో ఎక్కడ బలహీనమో అక్కడే డబ్బు పెట్టాలనుకున్నాం.

గేర్లు సరే. ఉక్కు గేర్లున్న గేర్‌బాక్సుల జతకు 3,200 అయింది. ఖర్చులో పెద్ద వాటా ఇదే, కానీ ఇది లేకుండా మిగతావి పెట్టినా వృథా. రెండోది బ్యాటరీ. మల్టీమీటర్ పెట్టి చూస్తే బండి ఆగి ఉన్నప్పుడు 7.9 వోల్టులు, మలుపు తిరిగేటప్పుడు 5.6. అప్పుడు కరెంటు 4 ఆంపియర్లు. పడిపోయిన 2.3 వోల్టులను 4తో భాగిస్తే బ్యాటరీ, వైర్లు కలిపి 0.58 ఓమ్‌ల నిరోధం ఉన్నట్టు. అంటే 9 వాట్లు మోటారుకు చేరకుండానే వేడిగా పోతున్నాయి. బండి మొండికేస్తే మోటార్లు పోయాయనుకుని కొత్తవి కొనేవాళ్లుంటారు. ముందు ఈ లెక్క చేయండి.

లిథియం పాలిమర్ బ్యాటరీ తేలిక, శక్తి కూడా ఎక్కువ. అయినా మేము తీసుకోలేదు. దానికి సరైన చార్జర్ వేరే కొనాలి, సెల్లు 3 వోల్టుల కంటే కిందికి దిగకుండా కాపలా కాయాలి. తప్పు చార్జర్ పెడితే మంట లేవొచ్చు. ఒక్కో గదిలో ఎనిమిది పరుపులున్న మా హాస్టల్‌కు అది వద్దనుకున్నాం. పాత చార్జర్‌కే సరిపోయే 7.2 వోల్టుల కొత్త నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ 1,100కి వచ్చింది. కోఠి గుజరాతీ గల్లీలో మందం వైరు, కనెక్టర్లు 120. గేర్లకు గ్రీజు 80.

డబ్బు ఖర్చు కాని పనులూ ఉన్నాయి. ఇరుసులకు చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు తీశాం. గొలుసు బిగువు సరిచేశాం. మరీ బిగిస్తే మోటారుకు భారం, వదులైతే మలుపులో ఊడిపోతుంది. వెనక్కి తిప్పేముందు బండిని పూర్తిగా ఆపడం అలవాటు చేసుకున్నాం. పొగ యంత్రం, లోహపు టరెట్ జోలికి పోలేదు. మొదటిది బ్యాటరీని తింటుంది, రెండోది మళ్లీ బరువే.

ప్లాస్టిక్ గొలుసులతోనే బండి హాస్టల్ డే నాడు ర్యాంపు పదకొండుసార్లు ఎక్కింది. పన్నెండోసారి ఆరో తరగతి తమ్ముడొకడు రిమోట్ లాక్కుని పక్కకు పడేశాడు, అది గేర్ల తప్పు కాదు. 200 రూపాయలు మిగిలాయి. పళ్లు ఊడిన పాత గేరు వార్డెన్ గారి బీరువాలో ఉంది. చూడాలనుకున్నవాళ్లు సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు అడగండి.