ప్రమేయ మార్గమునఁ బ్రోగ్రాములు వ్రాయుట

బీజగణితము నేర్చిన బాలునికి "క = క + 1" అని వ్రాసి చూపినచో వాఁడు నవ్వును. ఏ సంఖ్యయుఁ దనకంటె ఒకటి యధికము కానేరదు గదా! అయినను కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయువారు ప్రతిదినమును ఇట్లే వ్రాయుచున్నారు. వారి భాషలో నది సమీకరణము గాదు. "క యను పెట్టెలోని సంఖ్యకు ఒకటి కలిపి మరల నందే యుంచుము" అను ఆజ్ఞ. 1957లో వెలువడిన ఫోర్ట్రాను మొదలు పెక్కు భాషల వాడుక యిదియే.

దీనికి భిన్నమైన మార్గమొకటి కలదు. దానికి మూలము 1930 తరువాత అలోంజో చర్చి యను అమెరికా గణితజ్ఞుఁడు కల్పించిన లాంబ్డా గణనము. జాన్ మెకార్తీ 1958లో నారంభించిన లిస్పు భాష అందుండి కొన్ని భావములను గైకొనెను. 1990లో వెలువడిన హాస్కెల్ భాష యీ మార్గమును మిక్కిలి నిష్ఠతో ననుసరించును. ఫోర్ట్రానును నిర్మించిన బృందమునకు నాయకుఁడగు జాన్ బ్యాకసే 1977లో ట్యూరింగు బహుమానము నందుకొనినపుడు, తాను పెంచిన పద్ధతినే విమర్శించి యీ మార్గమును సమర్థించుట గమనింపఁదగినది.

3, 5, 7 అను జాబితాను మొత్తము వేయవలెననుకొందము. పాత యలవాటు గలవాఁడు సున్నతో నొక పెట్టె నుంచి, ఒక్కొక్క సంఖ్యను అందుఁ గలుపుచుఁ బోవును: 0, 3, 8, 15. ప్రమేయ మార్గమునఁ జెప్పవలసినవి రెండే మాటలు. ఖాళీ జాబితా మొత్తము 0. తక్కిన జాబితాల మొత్తము, మొదటి సంఖ్యకు మిగిలినవాని మొత్తమును గలుపఁగా వచ్చినది. ఇఁక 3 + (5 + (7 + 0)) అని విప్పుకొనుటయే. ఇందు నే పెట్టెయు మార్పఁబడలేదు.

అనుభవజ్ఞులైన ప్రోగ్రాముకర్తలే యిచటఁ దికమకపడుదురు; ఏమియు నెఱుఁగనివారు అంతగాఁ బడరు. "తరువాత నేమి చేయవలెను?" అని వారి యలవాటు అడుగుచుండును. "ఇది దేనికి సమానము?" అని యడిగినచో దారి దొరకును. యంత్రము నంటకముందు పలకమీఁద సమానములను వరుసగా విప్పి చూచుట మేలు.

ఇంత శ్రమ యేల? ఇద్దఱు గుమాస్తాలు ఒకే ఖాతాలో 100 నిలువను జూచి, ఒకఁడు 20 కలిపి 120 అనియు, వేఱొకఁడు 30 కలిపి 130 అనియు వ్రాసినచో, సరియైన 150 యెచ్చటను నిలువదు. మార్పులేని విలువలతో సాగు గణనములో నొకని పనిని వేఱొకఁడు తుడిచివేయుట కుదరదు. అయినను తెరమీఁదఁ జూపుట, ఖాతాలో నెక్కించుట మార్పులే. అవి లేక ప్రోగ్రాము నిష్ప్రయోజనము. హాస్కెల్ అట్టి పనులను ప్రత్యేకమైన రకముతో గుర్తించి వేఱుగా నుంచును.

విద్యార్థులు ఆ 3, 5, 7 జాబితాకే, కూడికకు బదులు గుణకారముతో, రెండు మాటలు వ్రాసి విప్పి చూడవలెను. ఖాళీ జాబితా లబ్ధము 0 అనవలెనా, 1 అనవలెనా యనునది మొదటఁ దేల్చుకొనవలసిన విషయము.