రోడ్డును తినేది నీరే



2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మా ఊరి నుంచి తగరపువలస పోయే రోడ్డు ఆ రాత్రి తెగిపోయింది. మా వదినకు అప్పుడు నెలలు నిండాయి. తెల్లారి నొప్పులు వచ్చాయి. ఆటో రాలేదు. మంచం మీద హైవే దాకా మోసుకుపోయారు. తల్లీబిడ్డా బతికారు. ఇంకాస్త ఆలస్యమయితే ఏమయ్యేదో!

రోడ్డు ఎందుకు తెగింది? గాలికి కాదు. బళ్ల బరువుకూ కాదు. నీటికి.

రోడ్డు కింద తూము ఉంది. అందులో చెత్త, ప్లాస్టిక్ సంచులు పేరుకున్నాయి. నీటికి దారి లేదు. అది రోడ్డెక్కి పారింది. గట్టు మట్టిని కోసేసింది. మట్టి పోతే తారు నిలుస్తుందా?

మన ఇంటి కప్పు చూడండి. వాలు లేకపోతే ఏటవుతుంది? ఇల్లు కారుతుంది. రోడ్డూ అంతే. నడుమ కాస్త ఎత్తు, రెండు పక్కలా వాలు ఉండాలి. వాననీరు జారి పక్క కాలువలో పడాలి. అక్కడి నుంచి చెరువుకో, గెడ్డకో పోవాలి.

గట్టు మీద గడ్డి ఉండాలి. వట్టివేరు గడ్డి మరీ మంచిది. దాని వేళ్లు లోతుకు దిగి మట్టిని పట్టి ఉంచుతాయి.

మరి నేల బురద అయితే? అందుకు జనపనార గుడ్డ ఉంది. చిట్టివలస జూట్ మిల్లు మనకు తెలిసిందే కదా! అలాంటి నారతో నేసిన గుడ్డే. 1990లలో కాకినాడ ఓడరేవు రోడ్డుకు మెత్తటి నేల మీద దీన్ని పరిచారు. గుడ్డ ఉంటే రాయి బురదలోకి దిగదు. నీరు మాత్రం బయటకు పోతుంది. కొన్నేళ్లకు గుడ్డ మట్టిలో కలిసిపోతుంది. అప్పటికి నేల గట్టిపడుతుంది.

ఇప్పుడు సముద్రం వేడెక్కుతోంది. ఆ వేడే తుపానుకు బలం. కొద్దిసేపట్లోనే కుండపోత వాన పడుతోంది. పాత చిన్న తూములు చాలవు.

కాబట్టి వానలకు ముందే తూములు, కాలువలు చూసి రండి. పూడిక తీయమని గ్రామసభలో అడగండి. కొత్త రోడ్డు వేస్తుంటే, "నీరు ఎటు పోతుంది బాబూ?" అని అడగండి. తీర్మానం పుస్తకంలో రాయించండి. రాసింది చదవండి. ఆ తరువాతే సంతకం పెట్టండి. ఇప్పుడు మనకు చదువు వచ్చు కదా!

చెప్పండి:
1. మీ ఊరి రోడ్డు కింద ఎన్ని తూములు ఉన్నాయి?
2. వాటిలో ఎన్ని పూడిపోయాయి?

చదివి రాయండి: తూము, కాలువ, గట్టు, గెడ్డ, తీర్మానం.